పిల్లలకే చివరగా ఎందుకు తెలుస్తోంది?

"కాస్త ముందుగా చెబితే బాగుండేది కదండీ!"

స్కూలు ఆఫీసు దగ్గర, క్లాస్ టీచర్ ఫోన్‌లో, తరగతి వాట్సాప్ గ్రూపులో ఏడాది పొడవునా వినిపించే మాట ఇది. వాన వల్ల ఇవాళ సెలవని ఉదయం ఏడున్నరకు మెసేజ్ వస్తుంది. అప్పటికే టిఫిన్ బాక్సు కట్టేశారు, బాబు బస్సెక్కేశాడు, ఇంట్లో ఇద్దరూ ఆఫీసులకు బయల్దేరుతున్నారు. రేపటి కార్యక్రమానికి తెల్ల చొక్కా కావాలని ఈ రాత్రి తెలుస్తుంది. బస్సు పది నిమిషాలు ముందే వెళ్లిపోయిందని స్టాపులో నిలబడ్డాక తెలుస్తుంది.

ఈ ఫిర్యాదు న్యాయమైనదే. ఒక్క రోజు ముందు తెలిస్తే అమ్మమ్మను రమ్మనేవారు, ఆఫీసులో సెలవు అడిగేవారు, పక్కింటివాళ్లతో మాట్లాడుకునేవారు. సంగతి తెలియడం ఒక్కటే సరిపోదు, తెలిశాక ఏదో ఒకటి చేసుకోవడానికి వ్యవధి కూడా ఉండాలి. ఆ వ్యవధి లేకుండా వచ్చిన కబురు కబురు కాదు, ఉత్తర్వు.

ఇంత బాగా తెలిసిన ఈ విషయాన్ని మనం ఇంట్లో పాటిస్తున్నామా అన్నదే నా ప్రశ్న. ఇల్లు మారుతున్నాం. నాన్నకు వేరే ఊరు ట్రాన్స్‌ఫర్ అయింది. వచ్చే ఏడాది స్కూలు మారుస్తున్నాం. తాతయ్య మన దగ్గరే ఉండబోతున్నారు, ఆయన కోసం పిల్లల గది సర్దాలి. సోమవారం నుంచి సంగీతం మాన్పించి ట్యూషన్‌లో చేర్పిస్తున్నాం. ఇవన్నీ ఇంటి ఓనరుకు ముందే తెలుస్తాయి, బంధువులకు తెలుస్తాయి, పనిమనిషికి కూడా తెలుస్తాయి. ఎవరి రోజు ఎక్కువగా మారిపోతుందో ఆ పిల్లవాడికి మాత్రం అన్నీ ఖాయమయ్యాక తెలుస్తుంది.

మన కుటుంబాల్లో తరచు జరిగేదే ఒకటి చూద్దాం. కొడుకును ఎనిమిదో తరగతికి హాస్టల్‌లో చేర్పించాలని దసరా నాటికే అమ్మానాన్నా మాట్లాడుకుంటారు. సంక్రాంతి తర్వాత క్యాంపస్ చూసొస్తారు, సీటుకు అడ్వాన్సు కడతారు. పరీక్షల ముందు చెబితే చదువు పాడవుతుందని ఊరుకుంటారు. పరీక్షలయ్యాక, సెలవులు సరదాగా గడవనివ్వమని ఊరుకుంటారు. చివరికి మే నెలాఖరులో ట్రంకు పెట్టె, తాళం, బకెట్టు, మగ్గు ఇంటికి వచ్చిన రోజున పిల్లవాడికి తెలుస్తుంది. పెద్దవాళ్లకు ఎనిమిది నెలలు దొరికిన ఆలోచనకు అతనికి దొరికింది ఎనిమిది రోజులు. ఆ ఎనిమిది రోజుల్లోనే స్నేహితులకు చెప్పుకోవాలి, క్రికెట్ జట్టును వదులుకోవాలి, చెల్లితో పోట్లాటలు ముగించుకోవాలి, రాత్రిళ్లు అమ్మ లేకుండా పడుకోవడానికి మనసును సిద్ధం చేసుకోవాలి.

హాస్టల్ మంచిదా కాదా అన్నది ఇక్కడ నా చర్చ కాదు. అది ఒక్కో ఇంటి పరిస్థితిని బట్టి ఉంటుంది. నిర్ణయం సరైనదే అయినా, చెప్పిన తీరు వల్ల పిల్లవాడికి అది శిక్షలా తోచవచ్చు. "నేనేం తప్పు చేశాను?" అని అడిగే పిల్లలున్నారు. అడగకుండా మనసులో పెట్టుకునేవాళ్లు ఇంకా ఎక్కువ.

ముందుగా చెప్పడం మనకు కొత్త కాదు. ఊళ్లో ఏదైనా జరగబోతుంటే డప్పు కొట్టి చాటింపు వేసేవారు. పంచాంగం గ్రహణాన్ని ఏడాది ముందే చెబుతుంది. పెళ్లికి శుభలేఖ ఎప్పుడు అందింది, ఎవరు వచ్చి ఇచ్చారు అన్నదాన్ని బట్టి మర్యాద లెక్కకడతాం. పెళ్లి రేపనగా ఫోన్ చేసి పిలిస్తే "మేమంత కానివాళ్లమయ్యామా?" అని నొచ్చుకుంటాం. మనల్ని లెక్కలోకి తీసుకున్నారా లేదా అన్నది ఆ పిలుపు వచ్చిన సమయమే చెబుతుంది. ఆ లెక్క పిల్లలకు మాత్రం వర్తించదా?

కోస్తాలో ఉన్నవారికి తుపానుల సంగతి వివరించి చెప్పనక్కర్లేదు. 1977 నవంబర్ 19న దివిసీమ ఉప్పెనలో ప్రభుత్వ లెక్కల ప్రకారమే సుమారు 10,000 మంది చనిపోయారు. 1990 మే నెలలో దాదాపు అంతే తీవ్రమైన తుపాను మళ్లీ కృష్ణా తీరానికే వచ్చింది. అప్పటికి హెచ్చరికల వ్యవస్థ మెరుగుపడింది. లక్షన్నర మందికి పైగా జనాన్ని ముందే తరలించారు. మరణాలు సుమారు వెయ్యి దగ్గర ఆగాయి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ నేరుగా విశాఖపట్నం మహానగరం మీదికే వచ్చింది. చెట్లు, స్తంభాలు, ఇళ్ల పైకప్పులు పోయాయి కానీ, రాష్ట్రంలో ప్రాణనష్టం వందకు లోపే ఉంది. గాలి వేగాన్ని ఎవరూ తగ్గించలేదు. జనానికి ముందుగా చెప్పారు, చెప్పినదాని మీద పని చేయడానికి వ్యవధి ఇచ్చారు.

మన వాతావరణ శాఖ తుపాను కబురును ఒక్కసారి చెప్పి ఊరుకోదు. నాలుగు దశల్లో చెబుతుంది. మొదటిది 72 గంటల ముందు, రెండోది కనీసం 48 గంటల ముందు, మూడోది కనీసం 24 గంటల ముందు. నాలుగోది తీరం దాటడానికి కనీసం 12 గంటల ముందు వస్తుంది. తీరం దాటాక తుపాను ఎటు వెళుతుంది, లోపలి జిల్లాల్లో ఎలా ఉంటుంది అన్నది అందులో ఉంటుంది. ఇంట్లో పిల్లలతో మాట్లాడే పద్ధతికి ఇందులో మనం నేర్చుకోదగ్గవి నాలుగున్నాయి.

మొదటిది, పూర్తిగా ఖాయం కాకపోయినా చెప్పవచ్చు. 72 గంటల ముందు తుపాను ఏ ఊరి దగ్గర తీరం దాటుతుందో కచ్చితంగా తెలియదు. అయినా చెబుతారు. "హాస్టల్ గురించి ఆలోచిస్తున్నాం, ఇంకా తేల్చుకోలేదు. నువ్వేమనుకుంటున్నావు?" అని దసరాకే అడగవచ్చు. ఖాయమయ్యాక చెబితే పిల్లవాడికి వినడమే మిగులుతుంది. ముందుగా చెబితే మాట్లాడే అవకాశం ఉంటుంది. అతను చెప్పే అభ్యంతరాల్లో మనకు తట్టనిది ఒక్కటైనా ఉండవచ్చు.

రెండోది, ఎక్కువ దెబ్బ తగిలేవారికి ముందు చెప్పాలి. అలలు పెరగకముందే మత్స్యకారులను వేటకు వెళ్లొద్దంటారు. ఇంట్లో మార్పు ఎవరి మంచం, ఎవరి స్నేహితులు, ఎవరి బడి మీద పడుతుందో వాళ్లకు ఆ మాట పిన్ని నోటో, పక్కింటి ఆంటీ నోటో తెలియకూడదు.

మూడోది, ఏం చేయాలో కూడా చెప్పాలి. "వచ్చే నెల ఇల్లు మారుతున్నాం" అని ఊరుకుంటే అది భయమే. "నీ పుస్తకాలు ఏ పెట్టెలో పెట్టాలో నువ్వే చెప్పు, కొత్త ఇంట్లో నీ టేబుల్ ఎక్కడుండాలో ఆదివారం చూసి వద్దాం, స్కూలు మాత్రం మారదు" అంటే పిల్లవాడికి ఆలోచించుకోవడానికి ఒక పని దొరుకుతుంది. మారేదానితో పాటు మారనిదేమిటో చెప్పడం మరిచిపోవద్దు. చిన్నపిల్లలు పట్టుకుని నిలబడేది దాన్నే.

నాలుగోది, ఆ తర్వాత సంగతి కూడా చెప్పాలి. కొత్త చోట మొదటి వారం ఎలా ఉంటుంది, ఏ రోజున ఫోన్ చేయవచ్చు, ఒంట్లో బాగోకపోతే ఎవరితో చెప్పాలి, మొదటిసారి ఇంటికి ఎప్పుడు వస్తాడు. ఇవన్నీ గేటు దగ్గర కంగారుగా చెప్పే మాటలు కావు.

దీనికి తల్లిదండ్రులు చెప్పే అభ్యంతరం నాకు తెలుసు. "ముందే చెబితే దిగులు పెట్టుకుంటాడండీ." నిజమే, పెట్టుకోవచ్చు. అయితే చెప్పకపోతే దిగులు ఉండదనుకోవడం సరికాదు. మనం ఫోన్‌లో గొంతు తగ్గించి మాట్లాడినప్పుడే పిల్లలు చెవులు పెద్దవి చేసుకుంటారు. సగం విన్న మాటకు మిగతా సగం వాళ్లే అల్లుకుంటారు. "అక్కడికి పంపించేద్దాం" అన్న ముక్క విన్న పిల్ల దేన్ని ఊహించుకుంటుందో మనకు తెలియదు. చెప్పి ఏడిపించామనుకుంటే, ఆ ఏడుపు మన ఒడిలోనే జరుగుతుంది, ఓదార్చడానికి మనం పక్కనే ఉంటాం. చెప్పకుండా దాచిన ఏడుపు కొత్త హాస్టల్ గదిలో, దుప్పటి కింద జరుగుతుంది.

అలాగని ప్రతిదీ ప్రతి వయసుకూ ఒకేలా చెప్పమని కాదు. యూకేజీ పాపకు నెల తర్వాత అనే మాటే అందదు. ఇంజెక్షన్ గురించి వారం ముందు చెబితే వారమంతా భయపడుతుంది, ఆ ఉదయం చెబితే చాలు. కానీ "ఊరికే అలా తిరిగొద్దాం" అని ఆసుపత్రికి తీసుకెళ్లకూడదు. ఒకసారి అలా చేస్తే మర్నాడు నిజంగా పార్కుకు రమ్మన్నా నమ్మదు. నాలుగో తరగతి నుంచి పిల్లలకు క్యాలెండర్ తెలుసు, వారాల ముందు చెప్పవచ్చు. హైస్కూలు పిల్లలకు నెలల ముందే చెప్పాలి. పెద్దల అప్పులు, ఇంకా తేలని ఉద్యోగ సమస్యలు పిల్లల భుజాల మీద పెట్టనక్కర్లేదు. వాళ్ల రోజును మార్చేది మాత్రం వాళ్లకు తెలియాలి.

రావడం గురించే కాదు, రాకపోవడం గురించీ ముందుగా చెప్పాలి. హాస్టల్‌లో పిల్లలున్నవారు దీన్ని కాస్త పట్టించుకోవాలి. "ఈ ఆదివారం వస్తాం" అన్న మాట మనకు పది పనుల్లో ఒకటి. పిల్లకు ఆ వారంలో ఉన్నది అదొక్కటే. తలస్నానం చేసి, మంచి గౌను వేసుకుని, పొద్దున్నుంచీ గేటు వైపు చూస్తూ కూర్చుంటుంది. రాలేని పరిస్థితి ఎవరికైనా వస్తుంది, తప్పు కాదు. రాలేకపోతున్నామని శనివారమే వార్డెన్‌కు ఫోన్ చేసి, పిల్లతో స్వయంగా మాట్లాడి, మళ్లీ ఎప్పుడొస్తారో చెబితే ఆమె ఆదివారం పాడవదు.

ఇదే కొలత బడికీ వర్తిస్తుంది, వర్తించాలి. బస్సు రూటు మారినా, సెక్షన్ మారినా సర్క్యులర్ తల్లిదండ్రుల ఫోన్‌కు వెళుతుంది. క్లాసులో కూర్చున్న విద్యార్థికి అది అందదు. ముఖ్యంగా టీచర్ మధ్యలో మానేసి వెళ్లినప్పుడు చూడండి. శుక్రవారం పాఠం చెప్పిన మేడమ్ స్థానంలో సోమవారం మరొకరు వస్తారు. "మేడమ్ ఏరీ?" అన్న ప్రశ్నకు "పుస్తకాలు తీయండి" అన్నది జవాబు కాదు. వెళ్లే టీచర్ వెళుతున్నానని తానే చెప్పి, పిల్లల దగ్గర సెలవు తీసుకోవడానికి ఒక్క పీరియడ్ చాలు. ఇంటికి పంపే ప్రతి సర్క్యులర్‌నూ అదే రోజు తరగతిలో చదివి వినిపించడం ఖర్చు లేని పని. ఈసారి పేరెంట్స్ మీటింగ్‌లో "మాకు ముందుగా చెప్పండి" అని అడిగినప్పుడు, "పిల్లలకు చెప్పారా?" అని కూడా మీరు అడగాలని నా కోరిక.

ఇందులో పెద్దలకూ లాభం ఉంది. రాత్రి తొమ్మిదిన్నరకు షాపులు మూసేశాక "అమ్మా, రేపు చార్ట్ కావాలి" అనే పిల్లవాడు ప్రతి ఇంట్లో ఉన్నాడు. ముందుగా చెప్పడమనే అలవాటును పిల్లలు మనల్ని చూసే నేర్చుకుంటారు. గోడ మీద తిథులు, వర్జ్యాలు ఉన్న తెలుగు క్యాలెండర్ ఎలాగూ ఉంటుంది. దాని పక్కన ఒక పెన్ను కట్టండి. నాన్న క్యాంపుకు వెళ్లే తేదీలు, చుట్టాలు వచ్చే రోజు, నీళ్లు రావని చెప్పిన రోజు, ప్రాజెక్ట్ ఇవ్వాల్సిన రోజు అందరూ అందులోనే రాయాలి. పిల్లలకు అందే ఎత్తులో కడితే సగం పని అయిపోయినట్లే.

రాబోయే మూడు నెలల్లో మీ ఇంట్లో ఏదో ఒక మార్పు ఉండే ఉంటుంది. అది మీ ఇంట్లో ఎవరెవరికి తెలుసో ఒకసారి లెక్కపెట్టండి. ఆ లెక్కలో మీ అమ్మాయో అబ్బాయో లేకపోతే, ఈ రాత్రి భోజనాల దగ్గర చెప్పండి. వాళ్లు అడిగే ప్రశ్నలకు మీ దగ్గర జవాబులన్నీ ఉండకపోవచ్చు. ఫర్వాలేదు, అవి వెతకడానికి ఇంకా వ్యవధి ఉంది.