తప్పు మట్టిదా?

మా తాత కట్టిన మట్టిల్లు కూలగొట్టీమని ఇంటా బయటా అందరూ చెప్పేవాళ్ళే. మా చిన్నాన్న కొడుకైతే మొన్న పదిమందిలో అనేశాడు, "ఏటి అన్నియ్యా, పందికొక్కుల కోసం ఉంచుతున్నావేటి?" అని. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ జవాబు ఇక్కడ రాస్తున్నాను.

2018 అక్టోబరు 11 తెల్లారగట్ల తిత్లీ మన మీద పడ్డప్పుడు కొబ్బరి, జీడి చెట్లు వేళ్ళతో లేచిపోయాయి. మా ఇంటి పెంకులు సగం ఎగిరిపోయాయి. మూరెడు మందం గోడలు మాత్రం నిలబడ్డాయి. తోట గొడవలో పడి ఆ పెంకులు నేను వెంటనే నేయించలేదు. అది నా తప్పే. రెండు వానాకాలాలు నీళ్ళు తిన్నగా గోడ నెత్తి మీద పడ్డాయి.

తర్వాత వీధిలో సిమెంటు రోడ్డు వేశారు. పాతది తవ్వకుండా దాని మీదే పోసేశారు. రోడ్డు మా అరుగు ఎత్తుకి వచ్చేసింది. అప్పట్నుంచి వీధి నీళ్ళన్నీ మా గోడ మొదట్లోనే. అది చాలనట్టు, చెమ్మ ఆగుతుందని నేనే నడుం ఎత్తు సిమెంటు పూత వేయించాను. మట్టిగోడ చెమ్మ పీలుస్తుంది, ఎండకి వదిలేస్తుంది. సిమెంటు ఆ వదలడాన్ని ఆపేసింది. లోపల మట్టి నాని మెత్తబడిపోయింది. పూత పెచ్చు ఊడితే వెనక చెయ్యి దూరేంత బొక్క. ఇప్పుడు చెప్పండి, తప్పు మట్టిదా?

సర్కారు లెక్కలో మట్టిగోడ అంటే కచ్చా. ఆ మాట పట్టుకుని మనమూ సిగ్గుపడుతున్నాం. సముద్రపు ఉప్పుగాలికి స్లాబులో ఊచలు తుప్పుపట్టి పెచ్చులు నెత్తిన రాలుతుంటే దాన్ని మాత్రం ఎవరూ కచ్చా అనరు. మన తీరంలో చుట్టిళ్ళు కట్టినోళ్ళు గోడ గుండ్రంగా తిప్పి, చూరు నేలకి దగ్గరగా దించారు. గాలి సంగతి తెలీకుండానే దించారా?

మట్టిల్లు సుఖమని నేననను. ఏటా అలకాలి, చెదలు చూసుకోవాలి. అలికేది మగోళ్ళు కాదు కదా. మా ఇంటామె అదే అంది, "రాయడం నీది, పేడ పిసకడం నాది" అని. నిజమే. ఈసారి ఆ పని నాదని ఒప్పుకున్నాను.

స్లాబు కట్టుకునేవాళ్ళతో నాకు గొడవ లేదు. నిలబడ్డ గోడని జేసీబీతో తోయించడమే నాకు నచ్చదు. తోశాక ఆ మట్టి ఎత్తించడానికీ డబ్బులే. మట్టిని నానబెట్టి తొక్కితే మళ్ళీ గోడవుతుంది. విరిగిన సిమెంటు అవుతుందా?

పని మొదలెట్టేశాను. సిమెంటు పూత చెక్కించాను. గోడ పక్కన కాలవ తీసి నీళ్ళు పెరటివైపు మళ్ళించాను. ఇప్పుడు గోడ ఆరాలి, తొందరపడితే కుదరదు. ఆరాక పాత మట్టిలోనే గడ్డిముక్కలు కలిపి బొక్కల్లో కుక్కుతాను, పైన సున్నం. నాటు పెంకులు కొత్తవి దొరకట్లేదు. ఇళ్ళు కూలగొట్టేవాళ్ళు వాటిని గోతుల్లో పోయకండి, నాకు చెప్పండి, బండి నేనే తెచ్చుకుంటాను.

దక్షిణం గోడలో పైనుంచి కిందదాకా ఒక పగులుంది. దాన్ని ఉంచి పూడ్చాలో, అంతవరకు విప్పి మళ్ళీ పెట్టాలో తేల్చుకోలేకపోతున్నాను. మట్టిగోడ పెట్టిన పెద్దోళ్ళు ఎవరైనా ఉంటే ఒకసారి వచ్చి చూసి చెప్పండి.