ఏ ఇంటికి రమ్మంటున్నారు?

ఈ ఉగాదికి కోయంబత్తూరులో జరిగిన ఒక సభలో హైదరాబాదు నుంచి వచ్చిన వక్త ఒకాయన, గల్ఫు వదిలి కెనడాకు పోతున్న కుటుంబాల మీద విరుచుకుపడ్డారు. ఒక పరాయిదేశం చాలక ఇంకో పరాయిదేశం వెతుక్కుంటున్నారట. అది ఆశే తప్ప అవసరం కాదట. సంపాదించింది చాలు, ఇంటికి వచ్చేయమని ఆయన హితబోధ. జనం చప్పట్లు కొట్టారు. కొడుకునో కూతురినో మస్కట్‌లో, దోహాలో పెట్టుకున్న తల్లిదండ్రులు కూడా కొట్టారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మంట ఇంకా చల్లారలేదు.

ఆయన ఒక్కడి మాటే అయితే వదిలేసేదాన్ని. పెళ్ళి పందిళ్ళలో ఇదే మాట, పత్రికల ఆదివారం పేజీల్లో ఇదే మాట, ప్రవాసుల మీద వచ్చే కథల్లోనూ ఇదే మాట. మొదటి దేశానికి పోయినవాణ్ణి కష్టజీవి అని మెచ్చుకుంటారు. అక్కడి నుంచి రెండో దేశానికి కదిలాడో, నిలకడ లేనివాడని, వేర్లు తెంచుకున్నవాడని తేల్చేస్తారు. ఇలా తేల్చేవాళ్ళకు సొంత ఊరుంది, ఆ ఊళ్ళో తమ భాషలో బడి ఉంది, తమ భాష పేరు చెప్పుకునే ప్రభుత్వం ఉంది. ఉన్నచోటే ఉండే హక్కు పుట్టుకతో దొరికినవాళ్ళు, ఆ హక్కు కోసం అర్జీలు పెట్టుకునేవాళ్ళకు నీతులు చెబుతున్నారు. నాకు కోపం అందుకే.

మా చిన్నాన్న కొడుకు పెళ్ళికి ముందే మస్కట్ పోయాడు. పిల్లలిద్దరూ అక్కడే పుట్టారు, అక్కడి ఇండియన్ స్కూల్లోనే చదివారు. అన్నేళ్ళున్నా ఆ దేశంలో ఉండిపోయే హక్కు వాడికి రాలేదు. రాదు కూడా. ఉద్యోగం ఉంటేనే బతాకా, అంటే నివాస కార్డు, ఉంటుంది. ఉద్యోగం పోతే బతాకా పోతుంది, దానితోపాటే భార్యాపిల్లల వీసాలూ పోతాయి. 2020 చివరిదాకా ఒమాన్‌లో పాత యజమాని అభ్యంతరం లేదని ఎన్‌ఓసీ ఇవ్వకపోతే అక్కడే ఇంకో కంపెనీకి మారే దారి లేదు. దేశం విడిచి రెండేళ్ళు బయట ఉండాల్సిందే. 2018 జనవరిలో 87 రకాల ఉద్యోగాలకు విదేశీయులకు కొత్త వీసాలు ఆపేశారు. సౌదీలో 2017 జూలై నుంచి కుటుంబ సభ్యుల మీద తలకు నెలకు 100 రియాళ్ళ రుసుము మొదలుపెట్టి, ఏటా వంద చొప్పున పెంచి, 2020కల్లా 400 చేశారు. భార్య, ఇద్దరు పిల్లలు ఉన్నవాడికి నెలకు 1200 రియాళ్ళు. ఆ భారం మోయలేక భార్యాపిల్లల్ని ఇంటికి పంపేసి, ఒక గదిలో నలుగురితో సర్దుకున్నవాళ్ళు మా వీధిలోనే ఉన్నారు. 2021లో కువైట్, అరవై దాటి డిగ్రీ లేనివాళ్ళకు పర్మిట్లు పొడిగించడం ఆపింది. తర్వాత పెద్ద రుసుము పెట్టి సడలించింది. యవ్వనమంతా అక్కడ ధారపోసినవాళ్ళకు దక్కిన మర్యాద అది.

గల్ఫు ఏదో ఒకరోజు పంపేస్తుంది. ఈ సంగతి అక్కడున్న ప్రతి తల్లికీ తెలుసు. పెద్దవాడు పదో తరగతికి వచ్చేసరికి ఆ ఇంట్లో రాత్రిళ్ళు ఇదే చర్చ. పోవడమా ఉండడమా అన్న ప్రశ్న వాళ్ళకు లేదు. ఎక్కడికి పోవాలన్నదే ప్రశ్న. వలసదారులను ఎంచుకునే కెనడా లెక్కల్లో వయసుకు కూడా పాయింట్లుంటాయి. ముప్ఫై దాటాక ఏటికేడూ తగ్గి, నలభై అయిదుకు సున్నా అవుతాయి. అందుకే ఆ తొందర. దాన్ని దురాశ అంటున్నారు!

"సరే, కెనడాకే ఎందుకు? ఇంటికి రావచ్చుగా?" ఈ ప్రశ్నకు మా పోదనూరు నుంచి జవాబు చెప్పాలి. చెప్పే అర్హత మాకున్నంతగా ఇంకెవరికీ లేదు.

పోదనూరు రైలు ఊరు. 1862లో మద్రాసు నుంచి పడమటి తీరానికి పట్టాలు వేసినప్పుడు మెయిన్ లైను మా ఊరి మీదుగా పోయింది, కోయంబత్తూరు పక్కన ఉండిపోయింది. రైల్వే కాలనీలో ఒకప్పుడు ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు నిండుగా ఉండేవి. స్వాతంత్ర్యం తర్వాత వాళ్ళలో చాలామంది ఇంగ్లండుకు, ఆస్ట్రేలియాకు పోయారు. ఇంగ్లండు తమ ఇల్లని విని పెరిగినవాళ్ళు వాళ్ళు, కానీ ఆ ఇంటిని ఎన్నడూ చూసినవాళ్ళు కారు. మేము తెలుగువాళ్ళం. విజయనగరం కాలంలో, మధుర నాయకుల కాలంలో ఈ దక్షిణానికి దిగివచ్చిన కుటుంబాలు మావి. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. కోయంబత్తూరు మిల్లుల్లో లక్ష్మీ మిల్స్ కట్టిన కుప్పుస్వామి నాయుడు, పీఎస్‌జీ సంస్థలు నెలకొల్పిన గోవిందస్వామి నాయుడి కుమారులు ఇలా వచ్చినవాళ్ళ సంతతే. మావాళ్ళ వలస కథను కి. రాజనారాయణన్ 'గోపల్ల గ్రామం' నవలగా రాశాడు. ఆయన ఇంటి భాష తెలుగు, నవల తమిళం. ఈ నాలుగు వందల ఏళ్ళలో మమ్మల్ని ఇంటికి రమ్మని ఎవరూ పిలవలేదు. పిలిచినా మేం కదలం. మా ఇల్లు పోదనూరే.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. విజయవాడకో హైదరాబాదుకో మేం పోయి నోరు విప్పితే, తెలుగు ఎప్పుడు నేర్చుకున్నారని అడుగుతారు. మా యాసను సినిమాలో హాస్యం కోసం వాడుకుంటారు. 2006లో తమిళనాడు ప్రభుత్వం తమిళం తప్పనిసరి చేసే చట్టం తెచ్చి, ఒక్కో తరగతీ పెంచుకుంటూ పోయినప్పుడు, మా బడుల్లో తెలుగు సన్నగిల్లిపోతుంటే అక్కడివాళ్ళు ఎంతమంది గొంతెత్తారు? మా గోడు పట్టనివాళ్ళు, ఈరోజు మా పిల్లలు కెనడా పోతే తెలుగు పోతుందని బెంగపడుతున్నారు. తెలుగు పోతుందన్న మాట మా దగ్గర అనకండి. బడి సాయం సరిగా లేకపోయినా, కొలువు ఆశ లేకపోయినా, మా అవ్వలు వంటింట్లో నిలబెట్టిన భాష ఇది.

ఇంటికి తిరిగి రావడం గురించి మాట్లాడేవాళ్ళు సిలోను (ఇప్పటి శ్రీలంక) సంగతి చదవాలి. తేయాకు తోటలకు పోయినవాళ్ళను 1948 పౌరసత్వ చట్టం ఏ దేశమూ లేనివాళ్ళను చేసింది. 1964 అక్టోబరు 30న మన ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రిగారు, సిలోను ప్రధాని సిరిమావో బండారనాయకే ఢిల్లీలో ఒప్పందం చేసుకున్నారు. 9,75,000 మందిలో 5,25,000 మంది ఇండియాకు, 3,00,000 మంది సిలోనుకు. మిగిలిన 1,50,000 మందిని 1974లో చెరిసగం పంచుకున్నారు. మనుషుల్ని పంచుకున్నారు! వాళ్ళలో తమిళులే ఎక్కువ. మా కొంగునాడు నుంచి పోయిన తెలుగు మాట్లాడే అరుంధతీయులూ ఉన్నారు. తలైమన్నారులో ఓడ ఎక్కి, రామేశ్వరంలో దిగి, మండపం క్యాంపులో కాగితాలు చూపించి వచ్చిన ఆ జనంలో సిలోనులోనే పుట్టినవాళ్ళు, ఇండియాను అంతకుముందు చూడనివాళ్ళు లెక్కలేనంతమంది. ప్రభుత్వం దాన్ని స్వదేశానికి రాక అంది. నీలగిరుల్లో వాళ్ళ కోసమని 1968లో ప్రభుత్వ తేయాకు తోటలు వేశారు. అంటే ఆ కొండ మీద కోసిన ఆకే ఈ కొండ మీద కూడా కోయించారు. అక్కడ వాళ్ళను ఇండియావాళ్ళన్నారు. కోత్తగిరిలో, గూడలూరులో సిలోనువాళ్ళంటున్నారు, మనవలు పుట్టాక కూడా. ఇంటికి రండి అనడం ఎంత తేలికో, వచ్చినవాడికి ఇల్లు దొరకడం ఎంత కష్టమో చూడాలంటే మేట్టుపాళయం నుంచి కొండ బస్సు ఎక్కితే చాలు.

గల్ఫు నుంచి మూకుమ్మడిగా ఇంటికి తెచ్చిన సందర్భమూ ఉంది. 1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్‌ను ఆక్రమించింది. జోర్డాన్‌లోని అమ్మాన్ నుంచి 488 విమానాల్లో 1,70,000 మందికి పైగా మనవాళ్ళను తెచ్చారు. గొప్ప పని, కాదనను. తెచ్చాక వాళ్ళకు ఇక్కడ ఏ పని చూపించారు? 1991 ఫిబ్రవరిలో కువైట్ విముక్తమైందో లేదో, వాళ్ళలో చాలామంది మళ్ళీ గల్ఫు దారి పట్టారు. అదంతా దురాశేనా?

ప్రపంచ తెలుగు మహాసభలు రెండోసారి 1981లో కౌలాలంపూర్‌లో, మూడోసారి 1990లో మారిషస్‌లో జరిపారు. చెరకు తోటలకు, రబ్బరు తోటలకు పోయి తిరిగిరానివాళ్ళ వారసుల దగ్గరికి పోయి, వాళ్ళు భాష నిలుపుకున్నారని పొగిడివచ్చారు. తిరిగిరానందుకు వాళ్ళకు దండలు వేసిన నోళ్ళే, ఈరోజు రానివాళ్ళను తిడుతున్నాయి. ఆ తోటల నుంచి వచ్చేయమని అప్పట్లో వేదికలెక్కి చెప్పివుంటే మారిషస్‌లో ఎవరికి దండ వేసేవాళ్ళు?

రెండో దేశానికి కదిలేది గల్ఫువాళ్ళే కాదు. అమెరికా సంగతి ఎక్కువ చెప్పను, దాని గురించి రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు. 2023 జూలైలో, అమెరికా హెచ్1బీ వీసా ఉన్నవాళ్ళకు కెనడా పదివేల పర్మిట్లిస్తానంటే రెండు రోజుల్లోపే నిండిపోయాయి. ఒక్కో దేశానికి ఏడు శాతమన్న గ్రీన్‌కార్డు పరిమితి కింద నలిగినవాళ్ళ తొందర అది.

మస్కట్‌లో ఉన్న ఆ చిన్నాన్న కొడుకు, మా తమ్ముడింటికి వస్తాను. మా మరదలు పిల్లలతో కెనడా వెళ్ళింది, బ్రాంప్టన్‌లో ఉంటోంది. తమ్ముడు జీతం కోసం మస్కట్‌లోనే ఉన్నాడు. శాశ్వత నివాస హక్కు (పీఆర్) నిలవాలంటే అయిదేళ్ళలో 730 రోజులు అక్కడ ఉండాలి, పౌరసత్వానికి 1095 రోజులు. ఇలా సగం ఇల్లు గల్ఫులో, సగం కెనడాలో పెట్టుకున్న కుటుంబాలు టొరంటో చుట్టుపక్కల చాలా ఉన్నాయి. మస్కట్‌లో లెక్కలు చెప్పిన టీచరమ్మ మా మరదలు. ఇప్పుడు గోదాములో రాత్రి షిఫ్టు చేస్తోంది. కెనడా అనుభవం లేదని తమ్ముడి ఇంజనీరింగు అనుభవాన్ని పక్కన పెట్టేవాళ్ళు. ఒంటారియో ఇంజనీర్ల సంస్థ లైసెన్సుకు ఆ నిబంధన 2023లోనే తీసేసినా, ఉద్యోగాలిచ్చేవాళ్ళ బుర్రలోంచి అది ఇంకా పోలేదు. ఆమె పడే కష్టం నాకు తెలుసు, ఫోనులో ఏడ్చిన రాత్రులూ తెలుసు. సంసారాన్ని చెడగొట్టుకుందని ఆమె గురించి అనేవాళ్ళు నాకు ఎదురుపడితే ఊరుకోను. తన పిల్లల్ని ఎవరూ పొమ్మనలేని చోటొకటి సంపాదించడానికి ఆమె ఆ షిఫ్టు చేస్తోంది.

ఇంటికి రమ్మనేవాళ్ళు ఇంకో సంగతి కూడా చెప్పాలి. 2006 జనవరిలో హైదరాబాదులోనే, ప్రవాసీ భారతీయ దివస్‌లో, విదేశీ పౌరులైన భారత సంతతివాళ్ళకిచ్చే ఓసీఐ కార్డును ప్రారంభించారు. రేపు ఆ పిల్లలు కెనడా పౌరులైతే ఇండియా పాస్‌పోర్టు వదులుకోవాలి, మన రాజ్యాంగం రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు. ఓసీఐ తీసుకుంటే ఇక్కడ ఓటు లేదు, సేద్యపు భూమి కొనే హక్కు లేదు. ప్రేమ అంత పొంగిపొర్లుతుంటే ముందు ఆ తలుపు తీయించండి. వేదిక మీద పిలుపులు తర్వాత.

మరి ఏం చేయాలంటారా? మా వాళయారు అవతలి కేరళను చూడండి. 1996లోనే ప్రవాసుల కోసం ప్రత్యేక శాఖ పెట్టుకున్నారు. తమిళనాడు 2011లో ప్రవాస తమిళుల సంక్షేమానికి చట్టం చేసింది. ఆంధ్రకు, తెలంగాణకు వాళ్ళ వాళ్ళ లెక్కలున్నాయి. పోదనూరు తెలుగువాడు ఏ లెక్కలో తనంతట తాను గుర్తుకొస్తాడు? మా సంఘాలే పూనుకోవాలి. కల్యాణ మండపాలు కట్టిన చేతులు, ఆదివారం పూట ఒక బల్ల వేసి, రెండు దేశాలు చూసివచ్చినవాళ్ళను కూర్చోబెడితే సగం పని అవుతుంది. గత పదేళ్ళలో వరుసగా ఆరునెలలు, అంతకుమించి ఉన్న ప్రతి దేశం నుంచీ కెనడా పోలీసు సర్టిఫికెట్టు అడుగుతుందని, గల్ఫులో ఉండగానే దాన్ని తీసిపెట్టుకోవాలని, పాత యజమాని దగ్గర అనుభవ పత్రం, జీతం స్లిప్పులు మనసు విరగకముందే రాయించుకోవాలని, డిగ్రీ పత్రాల పరిశీలనకు యూనివర్సిటీ నుంచి రావాల్సినవాటికి నెలలు పడుతుందని ముందే చెప్పేవాళ్ళుంటే, బతాకా రద్దయ్యాక ఫోన్ల మీద ఫోన్లు చేసుకుంటూ ఆ తల్లులు అంతగా అల్లాడరు.