తాతకు మెలకువ, మనవడికి శిక్ష

బ్రహ్మముహూర్తంలో లేవనివాడి గడప సరస్వతి తొక్కదట. మొన్న హైదరాబాద్ పాతబస్తీలో లాల్‌దర్వాజా దగ్గర ఒక ప్రవచనకర్త మైకులో సెలవిచ్చారు. మా గల్లీలో ఇంటర్ చదివే పిల్లవాణ్ని ఇప్పటికే నాలుగింటికి ముఖాన నీళ్లు కొట్టి లేపుతున్నారు. ఈమధ్య వాడు పుస్తకం మీద తూగి స్టూలు అంచుకు గుద్దుకున్నాడు. కనుబొమ్మ చిట్లి కుట్లు పడ్డాయి. శ్రద్ధ లేదని వాళ్ల తాత తీర్పు.

పోనీ, శాస్త్రం లెక్కే చూద్దాం. బ్రహ్మముహూర్తం మొదలయ్యేది సూర్యోదయానికి 96 నిమిషాల ముందు. జనవరిలో హైదరాబాద్‌లో పొద్దు పొడిచేది సుమారు ఆరూ ముప్పావుకి. అంటే ఐదు దాటాలి. నాలుగింటి నీళ్లు ఏ దేవుడి ఖాతాలో వేస్తారో!

షాలిబండలో మా తాత ఫజర్ అజాన్ కంటే ముందే దుప్పటి గుంజేవాడు. "లే బిడ్డా, పొద్దెక్కేదాక పంటే దరిద్రం." ఎక్కాలు చదువుతూ గొంతు ఆగితే చెవి మెలి. అందుకని కళ్లు మూసుకునే అరిచేవాళ్లం. నోరు నడిచేది, తల నిద్రపోయేది. అదే తాత సాయంత్రం ఖాతా పుస్తకం ముందు కూర్చుంటే కూడికలు తప్పేవి. "పెద్దాయన అలిసిండు, లొల్లి చెయ్యకుండ్రి" అనేది నానమ్మ. ఆయన చెవి ఎవరూ మెలిపెట్టలేదు.

1993లో అమెరికాలో సింథియా మే, లిన్ హాషర్ అనే పరిశోధకుల బృందం కుర్రవాళ్లకూ పెద్దవాళ్లకూ జ్ఞాపకశక్తి పరీక్ష పెట్టింది, కొందరికి పొద్దున, కొందరికి సాయంత్రం. పొద్దున ఇద్దరూ సమానం. సాయంత్రం పెద్దవాళ్లు బాగా వెనకబడ్డారు. వయసు మీదపడితే ఒంట్లో గడియారం ముందుకు జరుగుతుంది, తెల్లారకుండానే మెలకువ వస్తుంది. కౌమారంలో వెనక్కి జరుగుతుంది, నిద్ర పుట్టించే మెలటోనిన్ ఆలస్యంగా ఊరుతుంది. మరి తాత తన ముసలితనాన్నే వేదం చేసి మనవడి నెత్తిన రుద్దుతున్నాడు. హైస్కూళ్లు ఎనిమిదిన్నరకు ముందు మొదలుపెట్టొద్దని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2014లోనే చెప్పింది.

కుర్రవాళ్ల తల ఎప్పుడు చురుగ్గా ఉంటుందో రంజాన్ నెల అర్ధరాత్రి పత్తర్‌గట్టి బజారుకి వెళ్లి చూడండి. పది మందితో ఒకేసారి బేరమాడే కుర్రాడు చిల్లరలో రూపాయి తప్పడు. వాడే పొద్దున ఆవలిస్తే, ఓల్డ్ సిటీ వాళ్లకు పొద్దే తెల్వదని ఎకసెక్కం.

కుట్లు పడ్డ పిల్లవాడికి ట్యూషన్ వదిలేది రాత్రి పదింటికి. తిని పడుకునేసరికి పదకొండున్నర. ఆ టైము మార్చమని అడగడానికి మాత్రం ఆ ఇంట్లో ఎవరికీ ముహూర్తం కుదరలేదు.