తథాస్తు దేవతలకి భయపడి అడగని ప్రశ్న

మన ఇళ్ళలో ప్రయాణం ముందు చావు మాట ఎత్తకూడదు. తథాస్తు దేవతలు తిరుగుతుంటారట. అందుకే అమ్మానాన్నల్ని వేసవికి అమెరికా పిలిపించుకునేటప్పుడు ఆవకాయ ఎలా ప్యాక్ చెయ్యాలో నాలుగుసార్లు ఫోన్లో మాట్లాడుకుంటాం, వీల్‌చెయిర్ పెట్టిస్తాం, ఆర్నెల్లకి సరిపడా బీపీ మాత్రలు సర్దిస్తాం. "అక్కడ ఏమన్నా అయితే ఏం చెయ్యమంటావు నాన్నా?" అని మాత్రం అడగం. టికెట్ బుక్ చేసిన రోజే ఆ ప్రశ్న అడిగెయ్యాలని నా అభిప్రాయం. అశుభం అనుకునేవాళ్ళు ఓపిగ్గా చివరిదాకా చదవండి.

మా టీములో ఒకతని నాన్నగారు కొడుకు దగ్గరికి చూడ్డానికొచ్చి, ఆరో వారంలో గుండెపోటుతో పోయారు. అతనితో పాటు ఫోన్లు పట్టుకుని కూర్చున్నవాళ్ళలో నేనూ ఉన్నాను. మనిషి పోయిన బాధ ఒకెత్తు, ఆ పని ఎలా జరుగుతుందో ఎవరికీ తెలియకపోవడం ఒకెత్తు.

ముందు ఆ పనేంటో చెప్తాను. ఎయిర్‌లైన్స్‌కి మనం ఫోన్ చేసి భౌతికకాయాన్ని పంపుతామంటే కుదరదు. వాళ్ళ దగ్గర 'నోన్ షిప్పర్'గా నమోదైన ఫ్యునరల్ హోమ్ నుంచే తీసుకుంటారు. కాబట్టి మొదటి ఫోన్ ఫ్యునరల్ హోమ్‌కి. డెత్ సర్టిఫికెట్, ఎంబామింగ్ సర్టిఫికెట్, గాలి చొరబడకుండా మూసిన పెట్టె, అంటువ్యాధి లేదని లేఖ... ఇవన్నీ ఉంటే మన కాన్సులేట్ పోయినవారి పాస్‌పోర్టు రద్దు చేసి అనుమతి పత్రం ఇస్తుంది. ఇండియాలో దిగాక ఎయిర్‌పోర్టు హెల్త్ ఆఫీసు క్లియరెన్స్ కావాలి, దానికి 2023 ఆగస్టులో ఈ-కేర్ అని ఒక పోర్టల్ పెట్టారు. ఒక కాగితం ఉంటే గానీ ఇంకో కాగితం రాదు. మన బిల్డ్ డిపెండెన్సీల్లాంటిదే, కాకపోతే ఇక్కడ శని, ఆదివారాలు అడ్డమొస్తాయి. మరణ కారణం స్పష్టంగా లేకపోతే మెడికల్ ఎగ్జామినర్ చూసేదాకా అన్నీ ఆగిపోతాయి.

రెండో దారి, ఇక్కడే దహనం చేసి అస్థికలు తీసుకెళ్ళడం. కాగితాలు తక్కువ. చేతి సంచీలోనే విమానం ఎక్కొచ్చు, కాకపోతే పాత్ర ఎక్స్‌రేలో కనపడేది అయ్యుండాలి, లోహంది కాకుండా చెక్కదో ప్లాస్టిక్‌దో మంచిది. ఫ్లోరిడా, టెక్సస్ లాంటి చోట్ల దహనానికి ముందు 48 గంటలు ఆగాలి. తలకొరివి అంటే చాలాచోట్ల ఒక బటన్ నొక్కడమే.

కాగితాల పని ఫ్యునరల్ హోమ్ వాళ్ళు చూసుకుంటారు. అసలు చిక్కు ఆ రెండు దారుల్లో ఏదన్నది ఎవరు తేల్చాలన్న దగ్గరే. అమ్మ ఏడుస్తూ ఇంటికి తీసుకెళ్దామంటుంది. ఊళ్ళో పెదనాన్న "ఆఖరి చూపన్నా దక్కనివ్వరా" అంటాడు. కొడుకేమో హెచ్‌-1బీ మీద ఉన్నాడు, పాస్‌పోర్టులో స్టాంపు ఎక్స్‌పైర్ అయింది. 2025 సెప్టెంబరు నుంచి హెచ్‌-1బీకి ఇంటర్వ్యూ లేని డ్రాప్‌బాక్స్ పోయింది. తండ్రితో పాటు వెళ్తే పన్నెండో రోజుకి కర్మలు అయిపోతాయి, తిరుగు ప్రయాణం ఎప్పుడో తెలీదు. వెళ్ళకపోతే జన్మంతా "తండ్రిని కార్గోలో పంపించాడు" అన్న మాట. ఇవన్నీ ఆ కొడుకు నిద్రలేని రెండు రాత్రుల్లో తేల్చుకోవాలి. అదే ఆ పెద్దాయన ముందే "నన్ను అక్కడే దహనం చేసి, అస్థికలు గోదావరిలో కలిపెయ్యి" అనో, "ఏమైనా సరే మన ఊరికే చేర్చు" అనో చెప్పి ఉంటే? పెదనాన్న కూడా నోరెత్తడు. పోయినవాళ్ళ మాటకి మనవాళ్ళు ఇచ్చే విలువ బతికున్నవాళ్ళ మాటకి ఇవ్వరు కదా.

నా వరకైతే ఇక్కడే దహనం చెయ్యడం తప్పు కాదు. గోదావరి ఏ అస్థికలు ఎక్కడ్నించి వచ్చాయని అడగదు. కానీ అది నా ఇష్టం, మా నాన్న ఇష్టం వేరే కావచ్చు. అందుకే అడగమంటున్నాను.

ఇక డబ్బు సంగతి. యూరప్ వెళ్ళాలంటే షెంజెన్ వీసాకి కనీసం 30,000 యూరోల ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి, మరణం తాలూకు ఖర్చులు కూడా అందులో ఉండాలి. అమెరికా విజిటర్ వీసాకి ఆ నిబంధన లేదు. అడగలేదు కాబట్టి మనం కొనం, కొన్నా అన్నిటికంటే చవకది కొంటాం. కొనేముందు 'రిపాట్రియేషన్ ఆఫ్ రిమైన్స్' అన్న లైను వెతికి మూడు విషయాలు చూడండి. పరిమితి ఎంత? పాత జబ్బు వల్ల పోతే ఇస్తారా? (మన పెద్దవాళ్ళలో బీపీ, షుగరు లేనివాళ్ళెంతమంది?) ఏర్పాట్లు ఎవరు చెయ్యాలి? ఈ మూడోది ముఖ్యం. చాలా పాలసీల్లో ముందు వాళ్ళ హెల్ప్‌లైన్‌కి చెప్పి, వాళ్ళ ద్వారానే చెయ్యాలి. మనమే అంతా చేసేసి తర్వాత బిల్లులు పంపితే కాదనొచ్చు. కొన్నిట్లో ఇక్కడి దహనానికి వేరే పరిమితి ఉంటుంది, సాధారణంగా రెండిట్లో ఒక్కటే ఇస్తారు.

"అంత అవసరం లేదు, మనవాళ్ళు చందాలు వేస్తారు" అన్నాడొకాయన. వేస్తారు, నిజమే. తానా వాళ్ళ టీమ్ స్క్వేర్ లాంటివి ఇలాంటప్పుడు అర్ధరాత్రి కూడా సాయపడతాయి. మన ప్రభుత్వం 2009లో పెట్టిన ఇండియన్ కమ్యూనిటీ వెల్ఫేర్ ఫండ్ కూడా ఉంది, కాకపోతే అది ఆర్థిక స్థితి చూసి ఇచ్చేది. ఇవి ఫీజు కట్టడానికే అప్పు చేసిన విద్యార్థికి, ఎవరూ లేని కూలివాడికి. నెలనెలా కారు ఈఎంఐ కట్టే మనం పాలసీకి కక్కుర్తి పడి ఆ క్యూలో నిలబడటం నాకు నచ్చదు. కోపం వచ్చినా సరే, ఈ మాట వెనక్కి తీసుకోను.

ఇంకో రెండు చిన్న సంగతులు. ఫ్యునరల్ హోమ్ వాళ్ళు ఫోన్లో ధరలు అడిగితే చెప్పి తీరాలి, 1984 నుంచీ అమెరికాలో ఆ రూలుంది. మొహమాటపడకుండా ఇద్దరు ముగ్గుర్ని అడగండి. డెత్ సర్టిఫికెట్లు ఓ పది కాపీలు తీసుకుని, కొన్నిటికి అపోస్టీల్ చేయించండి. పెన్షనుకీ, బ్యాంకుకీ, పొలం పాస్‌బుక్కుకీ అమ్మ తిరగాల్సినప్పుడు అవే అక్కరకొస్తాయి.

అడగడం ఎలా అంటారా? "పాలసీ ఫారం నింపుతున్నా నాన్నా, ఇందులో ఒక ప్రశ్న ఉంది" అని మొదలెట్టండి. చాలామంది పెద్దవాళ్ళు దీని గురించి మనకంటే ముందే ఆలోచించేసి ఉంటారు. పిల్లలు బాధపడతారని వాళ్ళూ ఎత్తరు, అంతే. మీ ఇంట్లో ఈ మాట ఎవరు ఎత్తారు, ఎలా ఎత్తారు? చెప్తే మిగతావాళ్ళకీ కాస్త ధైర్యం వస్తుంది.