బీరువాలోని బరువైన కెమెరా

గత సంవత్సరము మన పూర్వ విద్యార్థి ఒకరు రేపల్లెలోని తమ స్టూడియోను మూసివేయుచు, ఒక కెమెరాను, ఒక ట్రంకు పెట్టె నిండ నెగెటివులను మన కళాశాలకు అప్పగించి వెళ్ళినారు. కెమెరా భౌతికశాస్త్ర విభాగపు బీరువాలో చేరినది. ట్రంకు పెట్టె మెట్ల క్రిందకు పోయినది. నాటి నుండి కళాశాలలో రెండు అభిప్రాయములు వినవచ్చుచున్నవి. కెమెరాను అమ్మి, ఆ సొమ్ముతో డిజిటల్ కెమెరా కొనవలెనని కొందరందురు. కానుక గనుక బీరువాలోనే భద్రముగా ఉండనిమ్మని మరికొందరి మాట. ఈ సంవత్సరము దానిని వెలికితీసి, తెనాలి, బాపట్ల, రేపల్లెల మధ్య మోసుకొని తిరిగిన నలుగురు విద్యార్థులము, ఒక అధ్యాపకుడు కలసి వ్రాయుచున్న వ్యాసమిది. ఆ రెండు అభిప్రాయములతోను మేము ఏకీభవింపజాలము.

ఆ కెమెరా జపాను దేశమున తయారైన మమియా ఆర్‌బి 67. ఈ నమూనా 1970లో వెలువడినది. లెన్సుతోను, ఫిల్ము పెట్టెతోను కలిపి రెండున్నర కిలోలకు పైగా తూగును. “ఇదేమి బరువు?” అని నవ్విన మిత్రుడే రైల్వే స్టేషను నుండి రణరంగ చౌకు చేరులోపల మూడుమారులు భుజము మార్చినాడు. దీనికి బ్యాటరీ లేదు, కరెంటు అక్కరలేదు. వాడు ఫిల్ము 120 రకము. కొడాక్ సంస్థ 1901లో ప్రవేశపెట్టిన ఆ ఫిల్మే ఒకప్పుడు మన ఇండ్లలోని ఆగ్ఫా క్లిక్ 3 కెమెరాలలోను తిరిగినది. క్లిక్ 3లో ఒక చుట్టకు పన్నెండు బొమ్మలు వచ్చెడివి, ఇందులో పదియే. అయితే ఒక్కొక్క నెగెటివు సాధారణ 35 మిల్లీమీటర్ల నెగెటివు కంటె వైశాల్యమున సుమారు నాలుగున్నర రెట్లు పెద్దది. ముఖముమీది ముడతలు, చీర అంచు నేత, గోడ సున్నపు పెచ్చులు అన్నియు అందులో నిలుచును.

మా మొదటి చుట్ట సంగతి దాచుకొనుట న్యాయము కాదు. ఈ కెమెరాలో రెండు మీటలు గలవు. ఒకటి షట్టరును, అద్దమును సిద్ధము చేయును. మరియొకటి ఫిల్మును ముందుకు జరుపును. ఒకటి నొక్కి రెండవది మరచినచో, తీసిన బొమ్మమీదనే మరల బొమ్మ పడును. 1970 నాటి నమూనాలో దీనికి అడ్డు లేదు. 1942 ఆగస్టు 12న పోలీసు కాల్పులలో మరణించిన ఏడుగురి జ్ఞాపకార్థము నిలిచిన రణరంగ చౌకు స్తూపములను ఎంతో శ్రద్ధతో తీసితిమి. ఫిల్ము కడిగి చూడగా ఆ స్తూపములపై మా మిత్రుని సైకిలు ఎక్కి కూర్చున్నది. మిగిలిన బొమ్మలలో నాలుగింటి అంచులు నల్లగా మాడినవి. మిట్టమధ్యాహ్నపు ఎండలో, నీడ వెదకక, చుట్టను వదులుగా చుట్టి తీసిన ఫలితమది. ఆ పది బొమ్మలలో మాకు దక్కినవి మూడు.

కావున క్రొత్తగా చేపట్టు సోదర సోదరీమణులకు మేము చెప్పునది ఇదే. మొదటి పదిహేను దినములు ఫిల్ము కొనవలదు. ఖాళీ కెమెరాతో మీటలు నొక్కుట, ఫిల్ము పెట్టెను నిలువుగను అడ్డముగను త్రిప్పుట అలవాటు చేసికొనవలెను. పేరులోని ‘ఆర్‌బి’ ఈ త్రిప్పుడు వెనుకభాగమునే సూచించును. ఒక పాత చుట్టను బలియిచ్చి, దాని కాగితముమీది బాణపు గుర్తును పెట్టెలోని గుర్తుతో కలుపుట కండ్లు మూసికొని కూడ చేయగలుగు వరకు సాధన చేయవలెను. పైనుండి చూచు గాజుపలకపై కుడి ఎడమలు తారుమారుగా కనబడును. మనిషి ఎడమకు జరిగినచో బొమ్మ కుడికి జరుగును. మొదటి వారము తల తిరుగును. పిదప చేతులే నేర్చుకొనును. లెన్సు ఒక్కటి చాలును. మా 90 మిల్లీమీటర్ల లెన్సుతోనే మనిషిని, వీధిని, కాలువను తీసినాము. మరియొక లెన్సు కొనవలెనను కోరిక పుట్టినప్పుడెల్ల ఆ డబ్బుకు ఎన్ని ఫిల్ములు వచ్చునో లెక్కించుకొనుట మంచిది.

వెలుతురు కొలుచు మీటరు లేదని విచారింపనక్కరలేదు. 100 వేగముగల ఫిల్మునకు, ఎండ నిండుగా కాయునప్పుడు లెన్సు రంధ్రము 16 వద్దను, షట్టరు సెకనులో 125వ వంతు వద్దను ఉంచవలెను. పలుచని మబ్బుకు 11, దట్టమైన మబ్బుకు 5.6, చెట్టునీడకు 4. బాపట్లకు సుమారు 9 కిలోమీటర్ల దూరమునగల సూర్యలంక ఇసుకపై 22కు పోవలెను. ఇసుక, నీరు రెండును వెలుగును తిరుగగొట్టును. ముఖమునకు మిక్కిలి దగ్గరగా పోయినప్పుడు కెమెరా ముందరి తిత్తి చాగును గనుక వెలుతురు మరికొంత ఎక్కువగా ఈయవలెను. ఎంతయన్నది కెమెరా ప్రక్కనే పట్టికగా చెక్కియున్నది. ప్రతి బొమ్మకును ఈ అంకెలను నోటుపుస్తకమున వ్రాసికొనినవాడు మూడవ చుట్టకే కుదురుకొనును. సూర్యలంక నుండి వచ్చిన సాయంత్రమే కెమెరాను పొడిగుడ్డతో తుడువవలెను. ఉప్పుగాలి లోహమును తినును. వానకాలమున తోలుసంచిలో ఉంచినచో లెన్సునకు బూజు పట్టును. మూత బిగువైన డబ్బాలో తేమను పీల్చు సిలికా పొట్లములతో ఉంచుట క్షేమము.

ఫిల్ము కడుగుట మన ప్రాంతమున ఒక ప్రత్యేక సమస్య. పుస్తకములన్నియు ద్రావణము 20 డిగ్రీల వేడిమిలో ఉండవలెనని చెప్పును. మే నెలలో మన కుళాయి నీరు 30 దాటును. ఆ వేడికి బొమ్మ త్వరత్వరగా నల్లబడును, ఫిల్ముపై పూత మెత్తబడి గీతలు పడును. మేము తొట్టెలో మంచుగడ్డలు వేసి, డెవలపరు సీసాను, హైపో సీసాను, కడుగు నీటిని కూడ అందులోనే చల్లబరచినాము. మంచుగడ్డ కొట్టువాడు పెండ్లి ఎవరిదని అడిగినాడు.

ఖర్చు మాట కమిటీ పెద్దలు తప్పక అడుగుదురు. ఉదకమండలమున 1960లో స్థాపించిన హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వారి ‘ఇందు’ ఫిల్ము ఒకప్పుడు దేశమంతట దొరికెడిది. ఆ కర్మాగారము మూతపడినది. నేడు మనము వాడు ఫిల్ము విదేశములనుండి రావలసినదే, ప్రియమైనదే. వార్షికోత్సవమునకు, ఆటల పోటీలకు డిజిటల్ కెమెరాయే తగినదని మేము కూడ ఒప్పుకొందుము. పరుగుపందెమును ఈ కెమెరాతో తీయబూనుట ఎద్దుబండితో రైలును తరుముటవంటిది. కాని పది బొమ్మలే గల చుట్ట చేతనుండగా ఎవరిని కూర్చుండబెట్టవలెను, ఏ వెలుగులో, ఎందులకు అని మనము ఆలోచింతుము. ఎదుటి మనిషియు తాను ఫోటో దిగుచున్నానని ఎరిగి, సర్దుకొని, నిదానించును. భట్టిప్రోలు స్టేషనులో రేపల్లె బండికై కూర్చున్న ఒక రైతు మేము అడుగకయే తలపాగా విప్పి మరల చుట్టుకొని, “ఇప్పుడు తియ్యండి బాబూ” అన్నాడు. సెల్‌ఫోను ఎత్తినప్పుడు అతడు మావైపు చూడనైన చూడలేదు.

బరువు ఆడపిల్లలకు తగదన్నవారును ఉన్నారు. మన దేశపు తొలి మహిళా పత్రికా ఛాయాగ్రాహకురాలు హోమాయి వ్యారావాలా (1913–2012) చీర కట్టుకొని, స్పీడ్ గ్రాఫిక్, రోలీఫ్లెక్స్ కెమెరాలతో ఢిల్లీ వీధులలో సైకిలుపై తిరిగినది. మా నలుగురిలో ఇద్దరు బాలికలే. రణరంగ చౌకు వద్ద భుజము మార్చినది వారు కారు.

ఇక ట్రంకు పెట్టె. వెండి కొరకు పాత నెగెటివులను తూకానికి అమ్మివేసిన స్టూడియోలు ఎన్నియో. మన దాత అట్లు చేయలేదు. కాగితపు కవర్లలో పేరు, తేదీ వ్రాసి దాచినారు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనకు పూర్వము తీసినవి కూడ అందులో గలవు. దివిసీమను ముంచిన ఆ తుపాను రేపల్లె, బాపట్ల తీరగ్రామములను కూడ విడువలేదు. ఇండ్లతోపాటు గోడలమీది పటములును కొట్టుకొనిపోయినవి. స్టూడియో పెట్టె కళాశాలకు చేరినదని విని, నిజాంపట్నము వైపు నుండి ఒక పెద్దామె మనుమని వెంటబెట్టుకొని వచ్చినది. రెండు గంటలు వెదకినాము. నెగెటివును కిటికీ వెలుగునకు ఎత్తి, నలుపు తెలుపులు తారుమారైన ఆ ముఖములోనే ఆమె తల్లిని గుర్తించినది. మేము దానిని సెల్‌ఫోనుతో తీసి, వెలుగునీడలు తిరుగవేసి చూపినాము. చాలసేపు చూచి, “కాయితం మీద ఇయ్యరా నాయనా, గోడకు పెట్టుకుంటాను” అన్నది.

కాగితముమీద అచ్చువేయుటకు మనకు చీకటి గది లేదు. మెట్ల క్రింది గదికి కుళాయి ఉన్నది, కిటికీ లేదు. అంతకంటె అనువైనది దొరకదు. ఒక ఎర్రదీపము, మూడు పళ్ళెములు, పాతదైనను ఒక ఎన్లార్జరు, సంవత్సరమునకు పది ఫిల్ములు – కమిటీ పెద్దలను మేము కోరునది ఇంతే. కెమెరాను అమ్మవలదు, బీరువాలో బంధింపవలదు.

ఆ నెగెటివును వేరొక కవరులో ఉంచినాము. వరికోతలు ముగిసిన పిమ్మట మరల వచ్చెదనని ఆమె చెప్పి వెళ్ళినది.