యాడ పండుకునేది?

కిందటి పుష్య అమావాస్యకు అమ్మను తిరువళ్లూరు తీసుకెళ్లాను. డెబ్బై ఆరేళ్ల మనిషి, రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. వీరరాఘవస్వామి కోనేటి దగ్గర ఒక అమావాస్యకు నిద్ర చేస్తానని ఆమె మొక్కుకుని పదేళ్లయింది. మద్రాసులో మూర్ మార్కెట్ స్టేషన్‌లో లోకల్ ఎక్కితే దిగే ఊరే కదా, గది ఏదో ఒకటి దొరక్కపోతుందా అనుకుని ముందుగా ఎవరికీ ఫోన్ చేయలేదు. ఆ తప్పు నాదే.

మొదటి లాడ్జిలో గదులన్నీ నిండిపోయాయి. రెండోచోట గది ఉంది కానీ రెండో అంతస్తులో, లిఫ్టు లేదు. మూడోచోట కౌంటరు దగ్గరున్న మనిషి మా వెనక వాకిట్లోకి చూసి, మగవాళ్లెవరూ రాలేదా అని అడిగాడు. రాలేదన్నాను. ఆధార్ కార్డులు తీసి బల్లమీద పెట్టాను. ఆడవాళ్లకు మాత్రమే అయితే గది ఇవ్వమమ్మా అన్నాడు. మర్యాదగానే అన్నాడు. అది ఎన్నాళ్లుగానో నడుస్తున్న నియమమని ఆ మర్యాదలోనే తెలిసిపోయింది.

అప్పటికి చీకటిపడింది. అమ్మ కోనేటి పక్కనున్న మండపంలో కూలబడి, సంచిలోంచి దుప్పటి తీసి పరిచేసింది. "సామే ఈ ఊర్లో యాడ పండుకునేదని అడిగినాడంట గదా పాపా, మనం అడిగితే తప్పేముండాది" అంది.

ఆ మాట ఊరికే అన్నది కాదు. ఆ ఊరి పేరే ఆ ప్రశ్న. శాలిహోత్రుడనే ఋషి ఏడాదిపాటు ఉపవాసం ఉండి, తై అమావాస్యనాడు, అంటే మన లెక్కలో పుష్య బహుళ అమావాస్యనాడు, వండుకున్న అన్నం ముందు పెట్టుకుని అతిథి కోసం ఎదురుచూశాడట. ఒక ముసలాయన వచ్చాడు. సగం పెడితే ఆకలి తీరలేదన్నాడు. తనకని ఉంచుకున్న సగమూ పెట్టేశాడు ఋషి. కడుపు నిండాక ముసలాయనకు నిద్ర ముంచుకొచ్చింది. "ఎవ్వుళ్?" అని అడిగాడు. తమిళంలో ఉళ్ అంటే లోపల, లోపలి చోటు. ఒళ్లు వాల్చడానికి ఏ చోటు, అని. ఋషి తన కుటీరమే చూపించాడు. ఆ తిరుఎవ్వుళ్ తిరువళ్లూరైందని స్థలపురాణం. ఈనాటికీ స్వామి అక్కడ పవళించే ఉంటాడు, కుడిచెయ్యి శాలిహోత్రుడి తలమీద పెట్టి. నూట ఎనిమిది దివ్యదేశాల్లో ఇది ఒకటి. గుడి బాధ్యత చూసేది అహోబిల మఠం. మన అహోబిలంలో మొదలైన మఠమే.

అన్నం తరవాత అతిథి అడిగింది వరం కాదు, పూజ కాదు, పడక. ఆ పురాణంలో నన్ను పట్టుకున్నది ఇదే. మనవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. అందుకే తెలుగులో "నిద్ర చేయడం" అన్న మాట ఉంది. కొండమీద ఒక నిద్ర చేసి రావాలి, గుళ్లో మూడు నిద్రలు చేస్తానని మొక్కుకున్నాను అంటాం. దర్శనంతో యాత్ర సగమే అయినట్టు. ఊరి చీకటిని, ఊరి తెల్లవారుజామును కూడా ఒంటికి తగలనిస్తేనే మిగతా సగం.

ఆ రాత్రి కోనేటి చుట్టూ వందలమంది ఉన్నారు. ఆ కోనేటి పేరు హృత్తాపనాశిని, గుండెలో తాపాన్ని పోగొట్టేదని. అమావాస్యకు ముందురోజు సాయంత్రానికే చేరుకుని, రాత్రి అక్కడే పడుకుని, తెల్లారి స్నానం చేసి, పితృదేవతలకు తర్పణం వదిలి, నీళ్లలో బెల్లం కరిగించి వెళతారు. బెల్లం కరిగినట్టు రోగం కరిగిపోవాలని. ఇక్కడి స్వామిని వైద్య వీరరాఘవుడంటారు, కాబట్టి వచ్చేవాళ్లలో సగంమంది ఒంట్లో బాగాలేనివాళ్లే. మా పక్కన సత్యవేడు వైపు నుంచి వచ్చిన కుటుంబం, ఆ పక్కన నగరి నుంచి వచ్చిన ముగ్గురు వియ్యపురాళ్లు, కాస్త అవతల నెల్లూరు యాస. అందరూ టవళ్లు పరిచి, చెప్పులు తలకింద పెట్టుకుని సర్దుకున్నారు.

నేను అక్కడ చూసినవాటిలో ఒక్కటి మాత్రం సర్దుకోలేనిది. నగరి వియ్యపురాళ్లలో ఒకావిడకు నీళ్ల సీసా అందిస్తే వద్దంది. సాయంత్రం నుంచి గుక్కెడు నీళ్లు తాగలేదట. ఎందుకని అడిగితే చీకట్లోకి చెయ్యి చూపించింది. మరుగుదొడ్డికి అంత దూరం, అంతమందిని దాటుకుని, అర్ధరాత్రి పోవాలి కదా అని. చుట్టూ చూస్తే ఆడవాళ్లంతా అదే లెక్కలో ఉన్నారు. షుగరున్న మనుషులు, మాత్రలేసుకోవాల్సిన మనుషులు. అతిథికి పడకిచ్చిన ఊళ్లో, రోగం నయం చేసుకోవడానికి వచ్చిన ఆడమనిషి నీళ్లు మానుకుని పడుకుంటోంది. దీన్ని భక్తి అని నేను ఒప్పుకోను.

ఇలాంటి రాత్రుల కోసమే ఒకప్పుడు సత్రాలు కట్టారు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చారు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ. పల్లకీ, బోయీలు, డేరాలు అన్నీ ఉన్న మనిషి. అయినా 1838లో అచ్చయిన ఆయన 'కాశీయాత్ర చరిత్ర' తెరిస్తే ప్రతి మజిలీలోనూ అవే వివరాలు: సత్రం ఉందా, దిగడానికి చోటెలాంటిది, నీళ్లు మంచివేనా, అంగళ్లున్నాయా. ముందు తిరుపతికి వెళ్లారు కనక మొదటి మజిలీలు పడింది ఈ తిరువళ్లూరు జిల్లా నేలమీదే. ఈ రోజు హోటల్ గది వెతికేవాళ్లు ఫోన్‌లో చదివే సమాచారమంతా ఆయన మన భాషలో, కాలినడకన వచ్చేవాడిక్కూడా పనికొచ్చేట్టు రాసిపెట్టారు.

మరి ఆ సత్రాలేమయ్యాయి? మద్రాసు తెలుగువాళ్లకు ఒక మాట వినబడితే చాలు, అర్థమైపోతుంది. చౌల్ట్రీ. ఊరివాళ్లూ బాటసారులూ ఎవరైనా వచ్చి నడుం వాల్చే మన చావడే ఇంగ్లీషువాళ్ల నోట్లో చౌల్ట్రీ అయింది. ఇప్పుడా మాటకు అర్థం పెళ్లిమండపం. "చౌల్ట్రీ బుక్ చేశారా?" అంటే ముహూర్తం పెట్టుకున్నారా అని. బాటసారి కోసం పుట్టిన మాట, గోడలతో సహా, అద్దె కట్టగలిగినవాళ్ల చేతికి వెళ్లిపోయింది. పెళ్లిళ్లు జరగాల్సిందే, కాదనను. కానీ చావడి పోయినచోట ఇంకో చావడి కట్టాలని ఎవరికీ తట్టలేదు. కాశీకి వెళ్లే మనవాళ్లు టికెట్ తీసుకోగానే కరివేన సత్రానికో, శ్రీరామ తారక ఆంధ్రాశ్రమానికో ఫోన్ చేస్తారు. అంత దూరంలో దొరికే ఆ ధీమా మద్రాసు పక్కనున్న ఊళ్లో దొరకడం లేదు.

యూరప్‌లోనూ యాత్రికుల ఊళ్లున్నాయి. స్పెయిన్‌లో సాంతియాగో అని ఒకటి ఉంది. వందల కిలోమీటర్లు నడిచి వెళతారు అక్కడికి. అలా నడిచొచ్చే పేదల కోసం 1499లో రాజదంపతులు పెద్ద చర్చి పక్కనే ఒక ఆశ్రయం కట్టించమని ఆజ్ఞ ఇచ్చారు. ఆ కట్టడం 1954 నుంచి ఖరీదైన హోటలు. అక్కడా చావడి చెయ్యి జారింది. అయితే ఆ దారి పొడవునా ప్రభుత్వం నడిపే వసతిగృహాలు వేరే ఉన్నాయి. యాత్రికుడినని చూపే చిన్న పుస్తకం మీద ముద్ర వేయించుకుని, తక్కువ రుసుము కట్టి, ఒక రాత్రికి మంచం తీసుకోవచ్చు. నడిచొచ్చిన మనిషికి ఒక మంచం, ఒక స్నానాలగది. దానికి పెద్ద ఆలోచనలేం అక్కర్లేదు.

మర్నాడు తర్పణాలు, దర్శనం అయ్యాక తిరుత్తణికి బయల్దేరాం, అరక్కోణం మీదుగా రైల్లో. ఈసారి రైలెక్కకముందే ఫోన్ చేశాను. కొండకింద, కింది అంతస్తులో గది దొరికింది. కిటికీ తీస్తే కొండ. అమ్మ కాళ్లు బారజాపి మంచంమీద పడుకున్నప్పుడు ఆమె మొహం చూసి నా ఒళ్లే తేలికైంది.

తిరుత్తణి పేరులోనూ ఒక విశ్రాంతి ఉంది. శూరపద్ముడితో యుద్ధం ముగిశాక సుబ్రహ్మణ్యుడి కోపం ఇక్కడ చల్లారిందట. తమిళంలో తణి అంటే చల్లారడం, శాంతించడం. మన తనివి కూడా దాని తోబుట్టువే అనిపిస్తుంది. తనివితీరా అంటామే, ఆ తనివి. మిగతా మురుగన్ క్షేత్రాల్లో స్కందషష్ఠికి శూరసంహారం జరిపిస్తారు. ఇక్కడ ఆ యుద్ధం ఆడరు, పూలు కురిపిస్తారు. యుద్ధం వదిలి వచ్చిన దేవుడి దగ్గరికి మనం గంటలో దర్శనం ముగించుకోవాలని తోసుకుంటూ వెళ్లడం నాకు నచ్చదు.

మనవాళ్లలో ఎక్కువమంది చేసేది అదే. తిరుపతి నుంచి మద్రాసుకు పోతూ దారిలో కారాపి, కొండెక్కి దిగి, ఒక కాఫీ తాగి వెళ్లిపోతారు. ఇది మనకు దారిలో తగిలే ఊరు కాదు. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డప్పుడు తిరుత్తణి చిత్తూరు జిల్లాలోదే. రెండు రాష్ట్రాల సరిహద్దు తేల్చిన పటాస్కర్ సూత్రం ప్రకారం 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రానికి వెళ్లింది. బదులుగా తిరువళ్లూరు, పొన్నేరి తాలూకాల్లోని సత్యవేడు వైపు పల్లెలు మనకొచ్చాయి. గీత మారింది కానీ రాకపోకలు మారలేదు. ఆడికృత్తికకు నగరి, పుత్తూరు, చిత్తూరు వైపు నుంచి పూలకావళ్లు ఇప్పటికీ వస్తాయి. పళ్లిపట్టు, పొదటూరుపేట మగ్గాల దగ్గర తెలుగు ఇంకా వినిపిస్తుంది. 1888 సెప్టెంబరు 5న సర్వేపల్లి రాధాకృష్ణన్ పుట్టింది ఈ కొండ నీడలోనే, తెలుగింట్లో. ఇక్కడి పిల్లవాడే 1936లో ఆక్స్‌ఫర్డ్ ప్రొఫెసర్ అయ్యాడు. సాయంత్రం బజారులో నడిస్తే ఇవన్నీ తగులుతాయి. కారు కిటికీలోంచి తగలవు.

కాబట్టి ఒక రాత్రి ఉండండి. అయితే రోజు చూసుకుని వెళ్లండి. ఆడికృత్తిక రోజుల్లో, డిసెంబరు 31 రాత్రి మెట్లపూజకు, మొక్కున్నవాళ్లు తప్ప మిగతావాళ్లు పెద్దవాళ్లను వెంటబెట్టుకుని వెళ్లకపోవడం మంచిది. ఏడాదికి రోజుల లెక్కన 365 మెట్లు, ప్రతి మెట్టుకూ పసుపు, కుంకుమ, కర్పూరం. చూడ్డానికి అద్భుతమే, కానీ ఆ రాత్రి గది దొరకదు. పెళ్లి ముహూర్తాలున్న రోజుల్లోనూ అంతే. పంచాంగం చూడండి. తిరువళ్లూరులో అమావాస్య మొక్కు లేకపోతే ఇంకో రోజు వెళ్లండి, కోనేటి గట్టున స్థిమితంగా కూర్చోవచ్చు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు తిరుత్తణిలో బస పెట్టి, తిరువళ్లూరుకు పొద్దున వెళ్లి రావడం సుఖం. రెండూళ్ల మధ్య నలభై కిలోమీటర్ల పైచిలుకు. కొండమీదికి బండ్లు వెళ్లే రోడ్డుంది. మెట్లు ఎక్కలేకపోయామని ఎవరూ చిన్నబోనక్కర్లేదు.

ఫోన్ చేసినప్పుడు అద్దె ఒక్కటే అడక్కండి. గది ఏ అంతస్తు, లిఫ్టు నడుస్తోందా, కూర్చునే మరుగుదొడ్డి ఉందా, రాత్రంతా నీళ్లొస్తాయా, వేణ్నీళ్లు ఎన్ని గంటలకు, అడిగి రాసుకోండి. తెల్లవారుజామున దిగితే గది అప్పుడే ఇస్తారా, లేక మధ్యాహ్నం దాకా సంచులతో వాకిట్లో కూర్చోవాలా అన్నది కూడా. ఆడవాళ్లమే వస్తున్నాం అని మొదటి మాటగానే చెప్పండి. ఇవ్వమంటే అక్కడే తెలిసిపోతుంది, చీకట్లో వాకిట నిలబడాల్సిన పని ఉండదు.

ఇదంతా యాత్రికుల జాగ్రత్త. ఊళ్లు చేయాల్సింది వేరే ఉంది. గుళ్లు నడిపేవాళ్లను, మునిసిపాలిటీలను చేతులు జోడించి అడుగుతున్నాను. ఏసీ గదులు మరికొన్ని కట్టకముందు, అమావాస్య ముందురాత్రికి కోనేటి చుట్టుపక్కల ఆడవాళ్లకు శుభ్రమైన మరుగుదొడ్లు, దీపాలు, కాపలా పెట్టండి. ఒక పెద్ద హాలు, అందులో మంచాలు, సంచి పెట్టుకోవడానికి తాళమున్న బీరువాలు. కింది అంతస్తు గదులను ముసలివాళ్లకని విడిగా ఉంచండి. మగదిక్కు లేదని ఏ ఆడమనిషినీ వెనక్కి పంపకండి. ఇవన్నీ ఎక్కడ దొరుకుతాయో తమిళంతోపాటు తెలుగులోనూ ఒక బోర్డు రాయించండి. సత్యవేడు ముసలమ్మ చదువుకోలేకపోయినా ఆమె మనవరాలు చదివి చెబుతుంది.

తిరుత్తణిలో ఆ రాత్రి అమ్మ చాలాసేపు కిటికీ పక్కనే ఉంది. మెట్లవెంట దీపాలు కొండదాకా వెలుగుతున్నాయి. పైకి పోయేవాళ్లు, దిగేవాళ్లు చిన్నగా కదులుతున్నారు. "ఇట్లా పండుకోని సూస్తా వుంటే బాగుండాది పాపా" అంది. రెండు గ్లాసుల నీళ్లు తాగి నిద్రపోయింది.

వచ్చే అమావాస్యకు మళ్లీ తిరువళ్లూరు అంటోంది. అప్పుడు నీళ్లు మానేసిన నగరి ఆవిడ ఫోన్ నంబరు తీసుకుంది, ఆమెనూ రమ్మంటోంది. నిన్న నాలుగు చోట్లకు ఫోన్ చేశాను. ముగ్గురమూ ఆడవాళ్లమే అని ముందే చెప్పాను. ఒకచోట మాత్రం, కింది గదే ఇస్తాం రండమ్మా అన్నారు.