తోటరాముడికి ఒక చెల్లెలు కావాలి

'పాతాళభైరవి' 1951 మార్చి 15న విడుదలైంది. అప్పుడు హాల్లో చూసినవాళ్ల మునిమనవలు ఇప్పుడు ఫోన్లో చూస్తున్నారు. ఈ రెండు తరాల నడుమ ఆ సినిమాను వీడియోలో చూసి పెరిగినవాళ్లున్నారు. తిరువూరు లాంటి ఊళ్లలో పండగకో పెళ్లికో టీవీ, వీసీఆర్ అద్దెకు తెచ్చేవారు. వీధి వీధంతా చాపలు పరుచుకుని తెల్లవార్లూ చూసేది. తర్వాత సీడీలొచ్చాయి. మూడు గంటలు దాటే సినిమా ఒక్క సీడీలో పట్టదు కదా! కథానాయకుడు తోటరాముడు ఆపదలో ఉండగా బొమ్మ ఆగిపోయేది. పెద్దవాళ్లెవరో లేచి రెండో సీడీ పెట్టేదాకా పిల్లలు కదిలేవారు కాదు.

హాల్లో ఒకసారి చూసిన సినిమా జ్ఞాపకంగా మిగులుతుంది. ఇంట్లో పదిసార్లు చూసింది స్వభావంలో కలిసిపోతుంది. పిల్లలు పదే పదే చూసే కథలను సాహిత్యం కాదని పక్కన పెట్టే హక్కు మనకు లేదు. పైగా ఈ కథ మూలం పుస్తకాల్లోనే ఉంది.

మధిర సుబ్బన్న దీక్షితులు రాసిన 'కాశీమజిలీ కథలు' పాతాళభైరవికి ఆధారం. ఆ కథలన్నీ చెప్పించుకునేది కాశీయాత్రలో గురువు వెంట నడిచే ఒక పశువుల కాపరి కుర్రాడు. దారిలో కనిపించిన ప్రతి వింతకూ కారణం చెప్పాలి, అదీ అతని షరతు. గురువు మజిలీ మజిలీకీ ఒక కథ చెబుతాడు. రాజులు, రాకుమార్తెలు, మాంత్రికులు, ఇంత వైభవమూ ఆ గొల్లపిల్లవాడి చెవిన పడటానికే పుట్టింది. రాజుల కథలు రాజుల కోసం కాదు. కోట గుమ్మం తొక్కనివాళ్ల కోసం.

దర్శకుడు కె.వి.రెడ్డి, రచయిత పింగళి నాగేంద్రరావు ఆ సంగతి బాగా ఎరిగినవాళ్లు. ఉజ్జయినిలో తోటమాలి కొడుకు రాముడు రాకుమార్తెను ప్రేమిస్తాడు. తనతో సరితూగే సంపద తెస్తేనే పిల్లనిస్తానంటాడు రాజు. కోరినదిచ్చే దేవత ప్రతిమ దొరకగానే రాముడికి రాత్రికి రాత్రే మేడలు లేస్తాయి. అక్కడితో కథ అయిపోవచ్చు. కానీ ఒక మాంత్రికుడు ప్రతిమనూ పిల్లనూ ఎత్తుకుపోతాడు, మేడలూ పోతాయి. అప్పుడు రాముడికి మిగిలింది తెగువ, తెలివి, తోడుగా స్నేహితుడు అంజిగాడు. వాటితోనే వెళ్లి గెలుస్తాడు. ఊరికే వచ్చిన ఐశ్వర్యం ఊరికే పోతుందని, చెమటోడ్చి తెచ్చుకున్నదే నిలుస్తుందని, ఒక్క పాఠమూ వల్లించకుండా నవ్విస్తూనే చెప్పిన సినిమా అది.

మూడేళ్లకు, 1954లో, బి.ఎ.సుబ్బారావు 'రాజు పేద' తీశారు. మార్క్ ట్వేన్ నవల 'ది ప్రిన్స్ అండ్ ది పాపర్'కు అది తెలుగు రూపం. పాతాళభైరవితో ఇంటింటి కథానాయకుడైన ఎన్టీఆర్ ఇందులో పేదపిల్లవాడి కఠినుడైన తండ్రి పోలిగాడుగా నటించారు. ట్వేన్ నవలలో రాజు వేషంలో ఉన్న పేదవాడు రాజముద్రతో ఏం చేస్తాడు? అది రాజముద్రని తెలియక దానితో కాయలు పగలగొట్టుకు తింటాడు. చదివి నవ్వుకుంటాం. ఆ పిల్లవాడే సింహాసనం మీద కూర్చుని, మరణశిక్షకు తీసుకుపోతున్న ఖైదీలను ఆపించి, వీళ్లు చేసిన నేరమేమిటని అడుగుతాడు. ఆకలి తెలిసినవాడు కాబట్టే ఆ ప్రశ్న అడగగలిగాడు.

ఇన్ని మంచి కథల్లో ఒక లోటు ఉంది. పైకి ఎక్కేది ఎప్పుడూ మగపిల్లవాడే. ఆడపిల్ల కోటలో గెలుచుకోవాల్సిన బహుమానంగా ఉంటుంది, లేదంటే కోట నుంచి కిందికి దిగుతుంది. 1949 నాటి 'గుణసుందరి కథ'లో తండ్రి కోపానికి గురైన రాకుమార్తె కష్టాలపాలై, ఓర్పుతో నెగ్గుకొస్తుంది. గొప్ప సినిమా. అయినా కొడుక్కి సాహసం, కూతురికి సహనం అన్న పంపకం మారలేదు.

2001లో హాలీవుడ్ నుంచి వచ్చిన 'ది ప్రిన్సెస్ డైరీస్'ను మన పిల్లలూ వీడియోలో చూశారు. బెరుకుగా తిరిగే ఒక బడిపిల్లకు తాను రాజవంశపు వారసురాలినని తెలుస్తుంది. రాణి అయిన నాయనమ్మ కూర్చోవడం, నడవడం దగ్గర్నుంచి అన్నీ నేర్పుతుంది. చివరికి ఆ పిల్ల వానలో తడిసిన బట్టలతోనే విందుసభకు వచ్చి, కిరీటం ఒప్పుకుంటున్నానని తన నోటితో చెబుతుంది. ఆమెకు రాజ్యం పుట్టుకతో వచ్చింది, తోటరాముడిలా గెలుచుకున్నది కాదు. కానీ నిర్ణయం ఆమెది. మన కథల్లో లేనిది అదే.

ఇప్పుడు రాజులెక్కడ అనవచ్చు. నూజివీడు, మైలవరం జమీందారీల నడుమ బతికిన ప్రాంతం మనది. 1948 చట్టంతో జమీందారీలు రద్దయ్యాయి. గద్దెలు మాత్రం వేరే రూపంలో ఉన్నాయి. పంచాయతీల్లో సగం స్థానాలు ఆడవాళ్లకు రిజర్వయ్యాయి. మామిడి తోటకు కూలికి వెళ్లే తల్లి సర్పంచ్ అయిందనుకోండి. పదో తరగతి చదివే ఆమె కూతురి కళ్లతో ఆ ఇల్లు చూడండి. నిన్నటిదాకా గడప బయటే నిలబెట్టినవారు ఇవాళ కుర్చీ వేస్తారు. ఎన్నడూ పలకరించని బంధువులు వరస కలుపుతారు. సంతకం ఎక్కడ పెట్టాలో తల్లికి కూతురే చూపిస్తుంది, పెట్టేముందు ఆ కాగితంలో ఏముందో చదివి చెబుతుంది. పేరుకే సర్పంచ్‌గా ఉంచి పెత్తనం తామే చేద్దామనుకున్నవాళ్లకు ఆ చదువే అడ్డం పడుతుంది. ఇందులో కావలసినంత హాస్యం ఉంది, ఆపద ఉంది, గెలుపు ఉంది. మంత్రాల ప్రతిమ అక్కర్లేదు.

అయితే ఇలాంటి కథలను పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లల కోసం తెలుగులో రాసేవాళ్లు తగ్గిపోయారు. చిన్నపిల్లల నీతికథలు దాటితే నేరుగా పెద్దల నవలలే. ఆ నడిమి వయసుకు నవ్వించే కథ, ధైర్యమిచ్చే కథ కావాలి. రచయితలు ఈ పని చేపట్టాలని మా విన్నపం. మీరు రాసి పంపండి, మా పత్రిక పుటలు మీవే. సినిమావాళ్లు ఆ కథలను అందుకోవాలి. తల్లిదండ్రులు పాతాళభైరవిని పిల్లలతో కలిసి మళ్లీ చూడాలి. చూశాక కూతుర్ని అడగండి, రాముడి చోట నువ్వుంటే ఏం చేస్తావని. ఆమె చెప్పే జవాబును శ్రద్ధగా వినండి. మన తర్వాతి కథ అందులోనే ఉంది.